ఒక గుర్రం, కాస్త మంచు, శవం వద్దు

కిందటి డిసెంబరులో న్యూజెర్సీ నుంచి మా మేనల్లుడు క్రిస్మస్ కార్డు పంపాడు. కవరు చించి చూస్తే, పైన బంగారు అక్షరాలతో భూమ్మీద అందరికీ శాంతి కలగాలని రాసి ఉంది. కింద పడవ నిండా తుపాకులవాళ్లు. వాళ్ల మధ్య ఒకాయన, పడవ ఊగితే ఏమవుతుందన్న చింత లేకుండా ఒక కాలు ముందుకేసి నిలబడి అవతలి ఒడ్డుకేసి చూస్తున్నాడు. గోదావరి మీద లాంచీ ఎక్కినవాళ్లెవరూ అలా నిలబడరు. నిలబడితే సరంగు తిడతాడు.

ఫోన్ చేసి అడిగాను. "జార్జి వాషింగ్టన్, మామయ్యా! డెలావేర్ నది దాటుతున్నాడు. సరిగ్గా క్రిస్మస్ రాత్రే దాటాడు తెలుసా!" అన్నాడు. దాటి ఏం చేశాడన్నాను. కాసేపు మాట లేదు. "కార్డు మీద దాటడం వరకే ఉంది," అన్నాడు.

దాటి ఏం చేశాడో నేను చెబుతాను. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో, 1776 డిసెంబరు 25 రాత్రి 2,400 మందితో ఏరు దాటి, మర్నాడు పొద్దున్నే ట్రెంటన్ ఊరి మీద పడ్డాడు. అక్కడ కాపలా ఉన్నది ఇంగ్లండు రాజు అద్దెకు తెచ్చుకున్న జర్మన్ సిపాయిలు. 22 మంది చచ్చారు, సుమారు 900 మంది పట్టుబడ్డారు, వాళ్ల కర్నల్ రాల్ తగిలిన తూటాలతో ప్రాణం వదిలాడు. యుద్ధం లెక్కలో గొప్ప ఎత్తే, కాదనను. ఆ మాటకొస్తే మన అశ్వత్థామ కూడా చీకటి చూసుకునే బయల్దేరాడు. కాకపోతే అశ్వత్థామ బొమ్మను శుభలేఖ మీద అచ్చేయించిన పెళ్లివారు నాకింతవరకూ తగల్లేదు.

కార్డు మీది ఆ పడవ బొమ్మ వేసిన ఇమాన్యుయేల్ లాయిట్స 1851లో జర్మనీలోని డ్యూసెల్డార్ఫ్‌లో, రైన్ ఒడ్డున కూర్చుని వేశాడు. నిరుపేద సైన్యం వెనక రెపరెపలాడుతున్న చుక్కల జెండా 1777 జూన్ దాకా పుట్టనే లేదు. కారుచీకట్లో దాటినదాన్ని తెల్లవారుజాము వెలుగులో చూపించాడు. అంతకుముందు ఆయనే వేసిన మొదటి ప్రతి ఒకటి బ్రెమెన్ మ్యూజియంలో ఉండేది. 1942లో విమానాలు బాంబులేసి దాన్ని బూడిద చేశాయి. ఆ విమానాలు బ్రిటిష్ వాళ్లవి. 166 ఏళ్ల పాత బాకీ అలా తీర్చుకున్నారేమో!

ఇప్పుడు ఏటా డిసెంబరు 25న అదే నదిని వేషాలు కట్టి దాటే వేడుక చేస్తారు. నీళ్లు పెరిగినా, గాలి ఎక్కువైనా దాటడం మానేస్తారు. నాకు ఆ కార్డు కంటే ఈ వేషాలవాళ్ల మీదే గౌరవం.

మా మేనల్లుణ్ణి ఒక్కణ్ణీ అని లాభం లేదు. ఇంగ్లండులో, అమెరికాలో ఇదొక పెద్ద అభిరుచి. రిటైరైన కర్నళ్లు, పటాలాల సంఘాలవాళ్లు, మ్యూజియం దుకాణాలవాళ్లు, బొమ్మ సిపాయిలతో టేబుల్ మీద వాటర్లూ ఆడుకునే పెద్దమనుషులు నవంబరు రాగానే తలలు పట్టుకుని కూర్చుంటారు. ఈసారి ఏ యుద్ధం పంపుదామా అని! పశువుల పాకలో పుట్టిన పసివాడి పండక్కి ఏ దండయాత్ర నప్పుతుందో తేల్చడం మాటలు కాదు. పెళ్లిసంబంధం చూసినట్టు చూస్తారు. గుర్రం ఉండాలి. ఎర్రకోటు ఉంటే మంచిది, పండగ రంగు. మంచు మాత్రం తప్పనిసరి. రక్తం ఉండకూడదు, ఉంటే కార్డు అంచుకు అవతల ఉండాలి.

చరిత్రను గౌరవిస్తున్నాం, త్యాగాలను తలుచుకుంటున్నాం అంటారు. మంచిదే. అయితే చరిత్రలో త్యాగాలు ఎండాకాలంలోనూ జరిగాయి కదా, అవి తలపుకు రావేం? లేడీ బట్లర్ అనే ఆవిడ 1881లో వేసిన 'స్కాట్లండ్ ఫరెవర్' ఒక్కటే దీనికి మినహాయింపు. బూడిదరంగు గుర్రాలు మన మొహం మీదికే దూకుతున్నట్టుంటాయి. అది 1815 జూన్ 18 నాటి వాటర్లూ యుద్ధం. జూన్ నెల. అయినా గుర్రాలు తెల్లగా కనిపించడంతో మంచు ఖాతాలో జమ అయిపోయింది. నిజానికి ఆ రోజు నేలంతా వాన నీళ్లకు బురద. గుర్రాలు అలా ఎగిరే వీలే లేదు. తమాషా ఏమిటంటే, మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్లు ఇదే బొమ్మ తీసుకుని, స్కాట్లండు రౌతులకు ప్రష్యన్ దుస్తులు తొడిగి తమ ప్రచారానికి వాడుకున్నారు. గుర్రాలు అవే, ఆవేశం అదే. టోపీ మారిస్తే దేశభక్తి అటునుంచి ఇటు వచ్చేసింది.

ఆవిడదే 1874 నాటి చిత్రం 'రోల్ కాల్'. క్రిమియా యుద్ధంలో పోరు ముగిశాక మంచులో గ్రెనేడియర్ గార్డులను వరసలో నిలబెట్టి పేర్లు పిలుస్తున్నారు. ఎవరి మొహంలోనూ జీవం లేదు. ఒకడు వరసలోనే ముందుకు కూలిపోయాడు. పక్కవాడు వంగి ఛాతీ మీద చెయ్యి పెట్టి చూస్తున్నాడు. రాయల్ అకాడమీలో దీన్ని చూడటానికి జనం విరగబడితే తొక్కిసలాట కాకుండా పోలీసును పెట్టారు. చివరికి విక్టోరియా మహారాణి కొనుక్కుంది. నిజాయితీగల చిత్రం. కార్డుకు తీసుకుంటే మాత్రం కుడివైపు నుంచి తీసుకోవాలా, ఎడమవైపు నుంచి తీసుకోవాలా అన్నది సమస్య. బొమ్మ పూర్తిగా వేస్తే ఆ కూలినవాడు అమ్మమ్మగారింట్లో మిఠాయి పళ్లెం పక్కన నెలరోజులు పడుకోవాలి. గుర్రమ్మీది అధికారిని ఒక్కణ్ణే కత్తిరించి తీస్తే బ్రహ్మాండంగా ఉంటుంది. మంచు ఉంది, టోపీ ఉంది, గంభీరంగా ఉంది. ఈ కార్డుల విద్యంతా కత్తెరలోనే ఉందని నాకు ఇక్కడే అర్థమైంది.

1879లో ఆవిడే వేసిన ఇంకో చిత్రం కార్డువాళ్లకు పనికొచ్చినట్టు లేదు. చచ్చే స్థితిలో ఉన్న గుర్రం మీద ఒంటరిగా జలాలాబాద్ కోట చేరుతున్న డాక్టర్ బ్రైడన్. 1842 జనవరిలో కాబూల్ నుంచి వెనక్కి బయల్దేరిన బ్రిటిష్ దళం గుర్తుందా? సుమారు 4,500 మంది సైనికులు, వెంట 12,000 మంది పరివారం. సైనికుల్లో ఎక్కువమంది, పరివారంలో దాదాపు అందరూ మనవాళ్లే. వంటవాళ్లు, గుర్రాలవాళ్లు, డోలీ మోసేవాళ్లు, వాళ్ల ఆడవాళ్లు, పిల్లలు. కాబూల్ కనుమల్లో మంచుకు గడ్డకట్టి కొందరు, కత్తులకు కొందరు పోయారు. అంతమందికీ బదులుగా కాన్వాసు మీద మిగిలింది ఒక డాక్టరు, ఒక గుర్రం. ఆ మంచు కూడా బొమ్మలోకి రాలేదు. ఎండు నేల మాత్రమే ఉంది. మంచు లేని దుఃఖానికి డిసెంబరులో గిరాకీ లేదు.

మంచు కావాలంటే కావలసినంత ఇచ్చినవాడు ఒకడున్నాడు, రష్యావాడు వెరెషాగిన్. 1877-78 టర్కీ యుద్ధంలో బల్గేరియాలోని షిప్కా కనుమ దగ్గర రష్యన్ సిపాయిలు చలికి చచ్చిపోతుంటే, అక్కడి జనరల్ రాజధానికి 'షిప్కా దగ్గర అంతా ప్రశాంతం' అని కబురు పంపేవాడు. ఆ మాటనే పేరుగా పెట్టి వెరెషాగిన్ మూడు బొమ్మలు వేశాడు. మొదటిదాంట్లో కాపలా సిపాయి నిలబడి ఉంటాడు. రెండోదాంట్లో మోకాళ్ల మీద కూలబడి ఉంటాడు. మూడోదాంట్లో మంచు కుప్ప ఉంటుంది. శాంతి, మంచు రెండూ పుష్కలంగా ఉన్న ఈ బొమ్మను ఏ కార్డు కంపెనీ వేసుకున్నా నేను వంద కొంటాను. రాసివ్వమంటే రాసిస్తాను.

ఇంకో వైపు భక్తి మార్గం ఉంది. ఆర్నాల్డ్ ఫ్రైబర్గ్ 1975లో వేసిన చిత్రంలో వాషింగ్టన్ వ్యాలీ ఫోర్జ్ శిబిరంలో, మంచులో మోకరిల్లి, పక్కన గుర్రాన్ని పెట్టుకుని ప్రార్థిస్తూ ఉంటాడు. గుర్రం కూడా తల వంచింది. అమెరికాలో ఇంతకంటే పవిత్రమైన క్రిస్మస్ కార్డు లేదని నమ్మేవాళ్లున్నారు. ఈ ప్రార్థన కథను ప్రచారంలోకి తెచ్చినవాడు వీమ్స్ అనే పాదిరి. చిన్నప్పుడు వాషింగ్టన్ చెర్రీ చెట్టు నరికి, అబద్ధమాడలేక నిజం ఒప్పుకున్నాడన్న కథ అల్లినవాడు కూడా ఆయనే. నిజాయితీ మీద అబద్ధం అల్లినవాడు భక్తి మీద ఇంకోటి అల్లడానికి వెనకాడతాడా? ఆ శిబిరంలో 1777-78లో రెండువేలకు దగ్గరగా సైనికులు చచ్చారు. చాలామందిని చంపింది మంచు కాదు, జ్వరాలు, విరేచనాలు. అదీ మంచు కరిగాక, వసంతకాలంలో. విరేచనాలకు బొమ్మ వేయడం కష్టమే, ఒప్పుకుంటాను.

శాంటా తాతయ్య మాత్రం ఈ గొడవలకు దూరం అనుకోకండి. అమెరికాకు ఆయన రూపాన్ని అలవాటు చేసిన థామస్ నాస్ట్, 1863 జనవరి 3 నాటి హార్పర్స్ వీక్లీలో ఆయన్ను మొదట దింపింది అంతర్యుద్ధపు సైనిక శిబిరంలోనే. ఒంటి నిండా చుక్కలు, చారలు. చేతిలో ఒక కీలుబొమ్మ, దాని మెడకు ఉరితాడు. ఆ బొమ్మ శత్రుపక్షపు అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్. పిల్లలకు బొమ్మలు పంచే తాతయ్య అలా మొదలయ్యాడు.

ఇవన్నీ విని, "మరి 1914 సంధి మాటేమిటి?" అని అడుగుతాడు తెలివైన కార్డు కొనుగోలుదారు. అవును, ఆ క్రిస్మస్‌కు ఫ్రాన్స్, బెల్జియం కందకాల్లో అటూ ఇటూ సిపాయిలు బయటికొచ్చి చేతులు కలిపారు. కార్డు మీద వాళ్లెప్పుడూ ఫుట్‌బాల్ ఆడుతుంటారు. చాలాచోట్ల వాళ్లు మొదట చేసింది మధ్యలో రోజుల తరబడి కుళ్లుతున్న శవాలను పూడ్చుకోవడం. పార పట్టుకున్న సిపాయి కార్డుకు నప్పడు, బంతి తన్నే సిపాయి నప్పుతాడు. ఈ సంధి తెలిసి మండిపడిన పైఅధికారులు మళ్లీ జరక్కుండా ఆజ్ఞలు వేశారు.

అదే పండక్కి బ్రిటిష్ రాజకుమారి మేరీ పేరిట సిపాయిలకు ఇత్తడి డబ్బాలు పంచారు. లోపల పొగాకు, సిగరెట్లు, ఒక కార్డు. ఆ కార్డు కోరింది సంతోషకరమైన క్రిస్మస్, విజయవంతమైన కొత్త సంవత్సరం. శాంతి మాట లేదు. ఈ గుంపులో దీన్నే నేను నిజాయితీగల కార్డంటాను. మన దేశపు సిపాయిలూ అప్పటికి ఆ కందకాల్లోనే ఉన్నారు. వాళ్లలో చాలామంది డబ్బాల్లో కలకండ, సుగంధ ద్రవ్యాలు పెట్టారు. ఏలకులు నములుతూ ఎవరి పండగో, ఎవరి యుద్ధమో అనుకుని ఉంటారు.

ఇదంతా చదివి మా మేనల్లుడు ఊరుకోడని తెలుసు. "మామయ్యా, మీ హాల్లో ఏ పటముంది?" అంటాడు. ఉంది. గీతోపదేశం. నా పెళ్లికి నాలుగొచ్చాయి, మూడు మళ్లీ ఎవరి పెళ్లిళ్లకో వెళ్లాయి. రెండు సైన్యాల నడుమ రథమాపి మాట్లాడుకుంటున్న దృశ్యం. అదీ యుద్ధభూమే, అందులోనూ తెల్లగుర్రాలే. అంతవరకు వాడిదే గెలుపు. అయితే భారతయుద్ధం పటం ఇంట్లో ఉంటే పోట్లాటలొస్తాయని మా అమ్మమ్మ ఒక్క బాణం కూడా వదలని ఈ ఘట్టాన్నే గోడెక్కనిచ్చింది. పద్దెనిమిదో రోజు సాయంత్రపు పటం ఏ పెళ్లి కానుకల్లోనూ రాలేదు. ఆవిడకు కత్తెర అక్కర్లేకపోయింది.

ఇంతా చేసి, క్రిస్మస్‌కు నూటికి నూరుపాళ్లు సరిపోయే యుద్ధచిత్రం ఒకటుంది. నిజంగా బైబిల్ కథే, అందులో సైన్యమూ ఉంది, మంచూ ఉంది. యేసు పుట్టాడని విన్న హేరోదు రాజు బేత్లెహేములో రెండేళ్లలోపు మగపిల్లలందరినీ చంపించిన ఘట్టం. పీటర్ బ్రూగల్ 1560ల నడుమ దాన్ని తన దేశపు పల్లెలోకి తెచ్చి వేశాడు. కప్పుల మీద మంచు, చూరులకు వేలాడే మంచు ముక్కలు, గడ్డకట్టిన మడుగు, గుర్రాల మీద కవచాలు తొడిగిన రౌతులు. సిపాయిలు తలుపులు పగలగొట్టి తల్లుల ఒళ్లలోంచి బిడ్డలను లాక్కుంటున్నారు.

ఆ చిత్రం తర్వాత చక్రవర్తి రెండో రుడాల్ఫ్ చేతికి వచ్చింది. ఆయన కళ్లకు అది నచ్చినట్టే ఉంది, పిల్లలు తప్ప. రంగులు తెప్పించి మీద పూయించాడు. చచ్చిన బిడ్డలున్నచోట మూటలు వచ్చాయి, కోళ్లూ బాతులూ వచ్చాయి. పసిపిల్లల ఊచకోత, ఊరు దోచుకోవడంగా మారింది. ఒళ్లో మూట పెట్టుకుని ఒక తల్లి ఇప్పటికీ గుండెలవిసేలా ఏడుస్తూ ఉంటుంది, గుడ్డల మూట కోసం! ఆయనకు కార్డుల కంపెనీ లేదు గానీ పని మాత్రం పూర్తిగా తెలుసు.

ఆ బొమ్మ ఇప్పుడు ఇంగ్లండు రాజుగారి సేకరణలో ఉంది, మూటలతో, బాతులతో. వియన్నా మ్యూజియంలో దీని నకలు ఒకటుంది. అందులో పిల్లలు పిల్లల్లాగే ఉన్నారు.