ఒక్క బైటు పద్యం: టీకా తాత్పర్య సహితం

అవతారిక: ఇటలీవాడు, రెడిస్ కర్త సాల్వతోరె సాన్‌ఫిలిప్పో 2016లో ‘కిలో’ అనే టెక్స్ట్ ఎడిటరును సీ భాషలో, వెయ్యి పంక్తుల లోపే రచించాడు. సొంత ఎడిటరు రాసుకోవాలని బుద్ధి పుట్టినవారు చాలామంది ఆ గుమ్మమే తొక్కుతారు. అందులోని తొలి పాఠాన్ని ఆటవెలదిలో బిగించి, టీక కూడా మేమే సమకూర్చుకుంటున్నాము. (తన పద్యానికి తనే వ్యాఖ్యానమా అనకండి. తన ఎడిటరు తనే రాసుకునేవాడికంటే వింత కాదు.)

మూలం:

ఒక్క బైటు చదువు మూరకే చూపకు
తెరను తానె యెక్కు తెగువ మాన్పి;
క్యూవు వచ్చుదాక కూర్చుండి చదువుచు
పోవునపుడు పాత పోకడిమ్ము.

టీక: ఒక్క బైటు = 0 మొదలు 255 వరకు గల ఏదేని ఒక సంఖ్యను; చదువుము = రీడ్ అను పిలుపుచే గ్రహింపుము; తానె = నీ ప్రమేయము లేకయే; తెరను ఎక్కు = టెర్మినల్‌పై అచ్చుపడునట్టి; తెగువ = ఎకో, కెనానికల్ అను ఫ్లాగుల పొగరును; మాన్పి = అణచి. తక్కినది సుగమము.

తాత్పర్యం: కీ నొక్కగానే అక్షరం తెరమీద పడుతోంది గనుక అది తన ప్రోగ్రాము ప్రతాపమేనని శిష్యుడు మురుస్తాడు. ఆ పని చేసేది టెర్మినల్ డ్రైవరు. పైగా ఎంటర్ కొట్టేదాకా పంక్తినంతా తన దగ్గరే అట్టిపెట్టుకుని ప్రోగ్రాముకు ఒక్క ముక్కా చెప్పదు. అందుచేత ఎడిటరు రాసేవాడి మొదటి ఘనకార్యం, అంతవరకు చక్కగా కనబడుతున్న అక్షరాలు కనబడకుండా చేసుకోవడం! దీనికే ‘రా మోడ్’ అని పేరు. ఇంట్లోవాళ్లు చూస్తే కంప్యూటరు పాడుచేశాడనే అంటారు. మా మట్టుకు ఈ చదువు మొత్తంలో ఇంత గట్టి ముక్క మరొకటి లేదు. ఇక్కడినుంచి తెరమీద చుక్క పడినా వాడి పూచీయే.

పాఠాంతరం: ‘క్యూ’ అన్నచోట ‘కంట్రోల్ క్యూ’ అని గ్రహించడమే సాధువు. లేకుంటే ‘క్వీన్’ అని టైపు చేయబోయినవాడిని రాణిగారి మొదటి అక్షరం దగ్గరే బయటికి గెంటుతుంది. చిన్న క్యూ 113. కంట్రోల్ తోడైతే అదే 17గా వస్తుంది. అయితే కంట్రోల్ ఎస్ టెర్మినల్‌ను ఆపడానికీ, కంట్రోల్ క్యూ తిరిగి కదిలించడానికీ పూర్వమే కేటాయింపబడి ఉన్నాయి. ఆ మిరాసీని కూడా రద్దు చేయనిదే, ‘సేవ్’ అని కంట్రోల్ ఎస్ నొక్కినవాడికి తెర కొయ్యబారిపోతుంది.

శంక: ఒక్కొక్క బైటే చదివితే బాణం కీలు ఏమి కావాలి? పైబాణం నొక్కితే 27, ఆపై చదరపు బ్రాకెట్టు, ఆపై ‘ఏ’, వెరసి మూడు బైట్లు వస్తాయే! సమాధానం: 27 కనబడగానే సెకనులో పదోవంతు ఆగి చూడవలెను. వెనుక ఎవరూ రాకపోతే వచ్చింది ఉత్త ఎస్కేప్ కీ. ఈ మూడు బైట్ల వరుస 1978 నాటి వీటీ100 టెర్మినల్ సంప్రదాయం. ఆ యంత్రాలు పోయినా వాటి మడి మాత్రం నేటికీ పాటిస్తున్నాము.

‘పాత పోకడిమ్ము’, అంటే టెర్మినల్‌కు మునుపటి తీరు తిరిగి ఇమ్మన్నదాన్ని తేలిగ్గా తీసుకున్నవాడు ఎడిటరు మూసిన పిమ్మట తాను కొట్టేది తనకే కనబడక, గుడ్డిగా ‘రీసెట్’ అని కొట్టుకుంటాడు.

విశేషం: అసలు చిక్కు తెలుగు రాయబోయినప్పుడు. యూటీఎఫ్-8లో మన ప్రతి కోడ్ పాయింటూ మూడు బైట్లు. మొదటిది ఎప్పుడూ 224, రెండోది 176 లేదా 177. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరంలో ఆరు కోడ్ పాయింట్లు, 18 బైట్లు. కిలో ఎడిటరు బైటుకో గడి చొప్పున లెక్కగడుతుంది కాబట్టి కర్సరు స్త్రీని దాటడానికి 18 అడుగులు వేయాలి. బ్యాక్‌స్పేస్ కొడితే ఒక బైటు ఊడి, మిగిలింది ఏ భాషా కాకుండా పోతుంది. బ్యాక్‌స్పేస్ ఏది చెరపాలన్న విషయంలో మూడు మతాలు: బైటు, కోడ్ పాయింటు, పూర్తి అక్షరం. మేము మధ్యమ మతస్థులం. దీర్ఘం తప్పిందని అక్షరమంతా తుడిచి, వత్తులతో సహా మళ్లీ కొట్టే ఓపిక మాకు లేదు. బాణం కీ మాత్రం అక్షరాన్ని మొత్తంగా దాటాలి.

అట్లయితే ‘మూడు బైట్లు చదువు’ అని మూలాన్నే సవరించరాదా? గణాలు సరిపోతాయి, యతి కూడా కుదురుతుంది. కానీ ఇంగ్లీషు అక్షరం ఒక్క బైటే గనుక, రాని రెండింటి కోసం ప్రోగ్రాము ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ముందు ఒక్కటి చదివి, అది 224 అయితే తక్కిన రెండూ అడగడమే పద్ధతి. పద్యం యథాతథంగా ఉండవచ్చు.