బామ్మర్ది సందేశము – సటీకా తాత్పర్యము

మూలము (గద్యము, వాట్సాప్ శైలి):

“బావా, దసరా సెలవులల్ల అండమాన్ పోదాం. పెద్ద పడవ మాట్లాడుదాం. సంద్రంల చేపలు పడదాం. పైసలు సగం సగం.”

అవతారిక: బొంగులూరు గేటు దగ్గరుండే బామ్మర్ది, వనస్థలిపురంలోని బావగారికి రాత్రి భోజనానంతరం పంపిన సందేశమిది. మేఘసందేశానికి టీక రాసిన మల్లినాథసూరి మన మెతుకుసీమవాడే. మూలంలో లేనిది రాయకపోవడం, అక్కరలేనిది చెప్పకపోవడం ఆయన నియమం. ఈ వ్యాఖ్యాతకు ఆ నియమం కుదరదు. ఈ మూలకర్త చెప్పినదానికన్నా చెప్పక దాచింది ఎక్కువ.

బావా = ఓ అక్క మగడా! సంబోధనా ప్రథమావిభక్తి. ప్లాటు రిజిస్ట్రేషన్‌కు సాక్షి సంతకం కావలసినప్పుడు తప్ప మూలకర్త ఈ సంబోధన వాడిన దాఖలా లేదు. కనుక ఇక్కడ ‘ముందుగా అడ్వాన్సు కట్టగల సమర్థుడా!’ అని ధ్వని.

దసరా సెలవులల్ల = ఆశ్వయుజ మాసమందలి విరామ దినములలో. ఈ పాఠం చెల్లదు. నైరుతి రుతుపవనం మన దేశంలో అన్నిటికన్నా ముందు, మే నెలలోనే, తాకేది అండమాన్ దీవులను. నవంబరు దాకా వాన పూర్తిగా వదలదు. అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతం వాయుగుండాల పుట్టిల్లు, అవి పుట్టినప్పుడు పడవలు కదలనివ్వరు. అందుచేత ‘సంక్రాంతి సెలవులల్ల’ అనే పాఠాంతరమే గ్రాహ్యం. జనవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రం కుదురుగా ఉంటుంది. దసరాకు బడి సెలవులు ఎక్కువ కదా అని పూర్వపక్షం. ఎక్కువైతే హోటలు గదిలో కూర్చుని వాన చూసే రోజులూ ఎక్కువవుతాయని సమాధానం. చేప తినాల్సింది మృగశిరకు గనక ‘మిరుగానికి పోదాం’ అని మూలకర్త తమ్ముడు చదివే పాఠం మరొకటుంది. అది బొత్తిగా అగ్రాహ్యం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు సముద్రంలో, అండమాన్‌తో సహా, వేట నిషేధం అమలవుతుంది. మృగశిర సరిగ్గా అందులో పడుతుంది.

అండమాన్ = తూర్పు సముద్ర మధ్యమందలి దీవుల గుంపునకు. నికోబార్‌ను కలుపుకొని, రాతి దిబ్బలతో సహా లెక్కిస్తే 836. మనుషులు కాపురముండేవి 31. బొంగులూరు గేటులో ఔటర్ ఎక్కి రావిర్యాల, తుక్కుగూడ, పెద్ద గోల్కొండ దాటితే శంషాబాద్, అక్కడ విమానం. దిగే ఊరు పోర్ట్ బ్లెయిర్. దానికి 2024 సెప్టెంబరులో శ్రీ విజయ పురం అని పేరు పెట్టారు. హావ్‌లాక్ దీవి 2018లోనే స్వరాజ్ ద్వీప్ అయింది. తన ఇంటి చుట్టూ ఉన్న వెంచర్ల పేర్లు ఏటా మారుతుంటే చూస్తున్న మూలకర్తకు ఇది ఇబ్బంది కాదు. ‘లక్షద్వీప్’ అని ఎందుకు అనలేదు? అక్కడ గాలపు కర్రలతో సూర చేపను పట్టే నేర్పు లోకప్రసిద్ధం కదా? నిజమే. కాని అక్కడికి ముందుగా అనుమతి పత్రం కావాలి, పైగా చాలా దీవుల్లో మద్యం దొరకదు. రెండో కారణం బలవత్తరం.

పోదాం = వెళ్లుదము. స్వేచ్ఛాసూచకం. హైదరాబాదువాళ్లు అందరూ ఇలా ఇష్టపడి పోలేదు. 1857 జులై 17న కోఠీ రెసిడెన్సీ మీద దాడిలో ముందున్న మౌల్వీ అల్లావుద్దీన్‌ను అక్కడికే పంపారు, అక్కడే పోయాడు. 1906లో పూర్తయిన సెల్యులార్ జైలులో కాకినాడ బాంబు కేసు ప్రతివాది భయంకరాచారి ఉన్నాడు. ఆ జైలుకు ఒక పూట కేటాయించాలి. ఈ ఒక్క చోట వ్యాఖ్యాత పరిహాసమాడడం లేదు.

పెద్ద పడవ మాట్లాడుదాం = అద్దెకు కుదుర్చుకుందము. మూలకర్త ఎరిగిన మహాజలం ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు. కుతుబ్‌షాహీల నాటిది, గొప్పదే, కాని అందులో పడవ అటూ ఇటూ ఊగి కడుపులో తిప్పదు. ఇక్కడ రసచర్చ అవసరం. రేవు వదిలేటప్పుడు స్థాయీభావం ఉత్సాహం గనక వీరరసం. లోతు నీళ్లకు చేరేసరికి జుగుప్స స్థాయి అవుతుంది, ఆలంకారికుల లెక్కలో అది బీభత్సం. ముందే మాత్ర వేసుకుంటే రసభంగం కలుగుతుంది, అదే మేలు. వేటకు అనుమతి ఉన్న పడవనే మాట్లాడాలి. 1983లో వండూరు దగ్గర ఏర్పరచిన సముద్ర జాతీయ పార్కులో గాలం వేయకూడదు. ఉత్తర సెంటినెల్ దీవికి అయిదు నాటికల్ మైళ్ల లోపలికి అసలు పోరాదు. డ్రైవరు భుజం తట్టి ‘ఇంగ జెర ముందుకు పోనీ’ అనే అలవాటు మూలకర్తకు ఉన్నందున ఇది నొక్కి చెబుతున్నాం.

సంద్రంల చేపలు పడదాం = సముద్రమందు మత్స్యములను పట్టుకొందము. సందేశానికి ప్రాణమిక్కడుంది, ప్రమాదమూ ఇక్కడే ఉంది. విదేశాల నుంచి గాలపు వేటగాళ్లు అక్కడికి ఎగబడి వచ్చేది జెయింట్ ట్రెవల్లీ కోసం. మన కోస్తావాళ్లు ‘పార’ అనే జాతిలో అది భీముడు, మనిషంత బరువు తూగేవీ ఉంటాయి. నీటి మీద చప్పుడు చేసే బొమ్మ చేపను దూరంగా విసిరి, ఆగి ఆగి లాగుతారు. దాన్ని బతికిన చేపనుకుని అది కింది నుంచి వచ్చి కొడుతుంది. ఇంకో పద్ధతిలో లోహపు ఎరను లోతుకు దింపి ఎగరేసి ఎగరేసి గుంజుతారు. మోచేతులు పడిపోయేదాకా ఈ యుద్ధం సాగుతుంది. చివరికి చేప పడవ పక్కకు వస్తుంది. దాన్ని రెండు చేతుల మీద ఎత్తుకుని ఫోటో దిగి, తిరిగి సముద్రంలోకి వదిలేస్తారు. ఈ వేటగాళ్లు పాటించే మర్యాద అది, పెద్ద చేపలు మిగలాలంటే సబబైన మర్యాదే. అయితే బొంగులూరు సంప్రదాయంలో ‘పట్టుట’ అనే క్రియ పులుసుతో గాని పూర్తి కాదు. కొరమీనును పట్టి, ముద్దు పెట్టి, చెరువులో వదిలినవాణ్ని ఊళ్లో ఏమంటారో రాయనక్కరలేదు.

మరి పులుసు మాటేమిటి? దానికి పడవే అక్కరలేదు. శ్రీ విజయ పురంలో జంగ్లీఘాట్ రేవుకు పొద్దున్నే పోవాలి. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలసపోయి స్థిరపడిన మత్స్యకారులు అక్కడున్నారు. 2011 జనగణనలో ఆ దీవుల్లో నూటికి 13 మంది తెలుగు తమ మాతృభాష అని రాయించారు. సూరనో వంజరాన్నో తెలుగులోనే బేరమాడి కొనవచ్చు. మీ ‘గిదెంత’కు వాళ్ల ఉత్తరాంధ్ర యాసలో జవాబొస్తుంది. సాయంత్రం అయిదున్నరకే అక్కడ చీకటి పడుతుంది గనక వంట తొందరగా మొదలుపెట్టుకోవాలి.

పైసలు సగం సగం = ధనము సమభాగములుగా. బావ ఇంట్లో ముగ్గురు. మూలకర్త వెంట భార్య, ఇద్దరు పిల్లలు, అమ్మానాన్నలు, పైన చెప్పిన తమ్ముడు. ఇక్కడ అలంకారం అతిశయోక్తి.

తాత్పర్యము: ఓ బావా, నీ పైసలతో మేమందరం సముద్రం చూస్తాం.

పాఠకులకు మనవి: మీలో ఎవరైనా ఆ బామ్మర్దికి బావ వరస అయితే, పడవ సంగతి పక్కన పెట్టి సంక్రాంతికి టికెట్లు తీయండి, తలకింత అని లెక్క ముందే రాయించుకోండి.