చించిన చెయ్యెవరిదండీ?

రాయ్‌పూర్‌లో కాపురముంటున్న తెలుగు ఇల్లాలు పండ్రి బట్టల బజారులో అడుగుపెట్టిందంటే దుకాణదారు సర్దుకుని కూర్చోవాల్సిందే. ఆవిడ గుడ్డ తిరగేస్తుంది, అంచు గోటితో గీకుతుంది, కుట్టు లాగి చూస్తుంది. ఒక్క పోగు తేలిందా, "ఏంటి భయ్యా ఇది?" అంటుంది. ధర దిగుతుంది. పాపం, ఆ విద్యకు కాలం చెల్లింది. ఇప్పుడు పోగు తేలితే ధర పెరుగుతుంది.

దీన్ని ప్రయోగాత్మక ఫ్యాషన్ అంటారట. లైనింగు బయటికి, ఓవర్‌లాకు బయటికి. ఒక చెయ్యి మోకాలి దాకా, రెండోది అసలు లేదు. అంచు మడవరు, కచ్చా కుట్టు విప్పరు. మన వీధి మాస్టర్‌జీ ఇలా కుట్టి ఇచ్చుంటే గుడ్డ ఖరీదు కూడా కక్కించేవాళ్లం. ఆయన చేసిన తప్పల్లా జాకెట్టు పక్కన ఇంగ్లీషులో ఒక పేరా రాసి పెట్టకపోవడమే.

దీని మూలపురుషులను మాత్రం వెక్కిరించను. మొదటి పేరు అసలు పురుషుడిది కాదు, జపాన్ డిజైనర్ రేయి కవాకుబోది. 1982లో ఆవిడ చిల్లుల నల్ల స్వెటర్లు పారిస్‌కు తెచ్చి, ఇవి చిల్లులు కావు, లేసు అంది. ఆ చిల్లుల కోసం అల్లిక మిషన్ల మరలు వదులు చేయించిందట. బెల్జియం వాడు మార్టిన్ మార్జేలా 1988లో ఫ్యాషన్ సంస్థ పెట్టి, బట్ట మీద తన పేరు లేకుండా తెల్ల చీటీ నాలుగు మూలలా నాలుగు కుట్లతో బిగించాడు. పేరొద్దన్న మహానుభావుడికి ఆ నాలుగు కుట్లే పేరైపోయాయి. అవి వీపు మీద కనిపించాలనే జనం కొన్నారు. సైనికుల పాత మేజోళ్లు విప్పి ఆయన స్వెటర్లు కూడా చేశాడు. మడమ వచ్చిన చోటును మోచేతికి, రొమ్ముకు అమర్చాడు. అది చించడం కాదు, లెక్క.

ఇంకో సంగతి. కవాకుబో దర్జీ పని చదువుకోలేదు. ఆవిడ మనసులో ఉన్నదాన్ని గుడ్డ మీద కత్తిరించిచ్చేది ప్యాటర్న్ చేసే పనివాళ్లు. వాళ్ల పేర్లు మీకు తెలుసా? నాకూ తెలీదు.

తర్వాత వచ్చినవాళ్లకు లెక్కతో పనిలేదు, చించితే చాలు. 2022లో ఒక పెద్ద పారిస్ సంస్థ మాసి, చినిగి, అరిగినట్టున్న బూట్లు వంద జతలు చేసి, జత 1,850 డాలర్లన్నది. మన సంతలో అలాంటి బూట్లు తొడుక్కుని తిరిగేవాడికి ఎవరూ డిజైనర్ అని పేరు పెట్టలేదు.

ఇక మన గడప దగ్గరికి వద్దాం. చాంపాలో, కోర్బాలో కోసా పట్టు ఉంది. అర్జున చెట్టు, సాజా చెట్టు ఆకు తిన్న పురుగు గూడు అది. తరతరాలుగా ఆడవాళ్లు తొడ మీద పేని దారం తీస్తూ వచ్చారు. చేత్తో తీసిన పోగు ఒకచోట లావు, ఒకచోట సన్నం. అది చూపించే మనం బేరమాడి ధర తెగ్గొడతాం. అదే ఎగుడుదిగుడును పారిస్ ర్యాంపు మీద చూపిస్తే "టెక్స్చర్" అని తల ఊపుతాం. పాత చీరలు అతికి కుట్టిన బొంతను, ఇక్కడివాళ్లు కథరీ అనేదాన్ని, చుట్టం వస్తే మంచం కింద దాస్తాం. దాన్నే కోటుగా కుట్టి గాజు అద్దాల వెనక వేలాడదీస్తే ఫొటో దిగుతాం.

అలాంటి కోట్లు నలభై అయిదు డిగ్రీల మే ఎండలో ఎవరు తొడుక్కుంటారని మా పిన్నిగారి సందేహం. ఏసీ హాల్లో తొడుక్కుంటారు పిన్నీ, బయటికి రారు.

కాబట్టి వదినలారా, రేపు శంకర్‌నగర్‌లో అలాంటి దుకాణం తెరిస్తే వెళ్లండి. తిరగేసి చూడనక్కర్లేదు, ముందే తిరగేసి ఉంటుంది. ఒకటే అడగండి: విప్పింది ఎవరు, మళ్లీ కుట్టింది ఎవరు, వాళ్లకెంత ముట్టింది? జవాబు చెబితే కొనండి. నీళ్లు నమిలితే తిరిగొచ్చి ఒక కోసా చీర కొనుక్కోండి, బేరమాడకుండా.