కువికి బీ2 పరీక్ష ఎప్పుడు?

జర్మనీలో నర్సుగా గుర్తింపు రావాలంటే బీ2 స్థాయి జర్మన్ పాసవ్వాలి. సబబే. మ్యూనిక్‌లో ఓ పెద్దాయన నొప్పి ఎడమ పక్కనో కుడి పక్కనో అర్థం కాకుండా సూది ఎలా పొడుస్తారు? అందుకే మన పిల్లలు నెలల తరబడి డెర్, డీ, దాస్ వల్లిస్తారు. ఇంట్లోవాళ్లు అప్పుచేసి ఫీజు కడతారు.

మరి మైదానం నుంచి అరకు ఏజెన్సీకి పోస్టింగ్ పడినవాళ్లకు? అలాంటి గొడవేం లేదు. కొండ మీద కువి, ఆదివాసీ ఒరియా మాట్లాడతారన్న సంగతి ఘాట్ రోడ్డెక్కాక తెలిసినా చాలు. కోందు తెగ అవ్వ తన బాధేదో కువిలో చెప్పుకుంటుంది, డాక్టరు గారు తెలుగులో తలూపుతారు. మధ్యలో దుబాసీ ఎవరయ్యా అంటే పక్క మంచం పేషెంటో, ఆశ్రమ పాఠశాల నుంచి సెలవుకొచ్చిన మనవడో. ఆ మనవడు తన భాష రాని టీచరు ముందు ఒకటో తరగతిలో కూర్చున్న రోజే పరదేశం వెళ్లొచ్చినవాడు, అదీ వీసా లేకుండా. ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకేనన్న 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. నూటికి నూరు రిజర్వేషన్ చెల్లదంది. సరే, చెల్లదు. పిల్లాడి మాట అర్థమయ్యే టీచరు ఎక్కణ్ణుంచి రావాలో కోర్టులు చెప్పవు కదా.

ఇక భద్రత. ఈసీఆర్ (వలస తనిఖీ తప్పనిసరి) పాస్‌పోర్టుతో గల్ఫ్ వెళ్లే కూలీకి ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల ప్రమాద బీమా ఉంది. పాస్‌పోర్టు యజమాని చేతికివ్వొద్దు, ఎంబసీ నంబరు దగ్గరుంచుకో అని జాగ్రత్తలూ చెబుతారు. కొండ మీది గర్భిణికి చెప్పే జాగ్రత్త ఒక్కటే: నొప్పులు రాకముందే కిందికి దిగిపో. 108 బండి రోడ్డున్నంత మేరకే వస్తుంది, ఆపైన డోలీయే. కర్రకు కట్టిన దుప్పటికి ఏ కంపెనీ బీమా చేస్తుంది?

కొండ దిగి విదేశంలో దర్జాగా స్థిరపడింది అరకు కాఫీ గింజే. 2017లో పారిస్‌లో దుకాణం, 2019లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు. ఫ్రెంచి రాదని దాన్నెవరూ వెనక్కి పంపలేదు.

సర్కారు ఒక పని చేసి చూడొచ్చు. పాడేరు, అరకు పోస్టింగులకు జీతం యూరోల్లో ఇస్తామని ప్రకటించాలి. మర్నాటికల్లా విశాఖ ద్వారకానగర్‌లో ‘ముప్పై రోజుల్లో కువి’ బోర్డులు వేలాడతాయి. డెమో క్లాసు ఉచితం.