‘మనకు రిఫండ్ వస్తుంది’: టీకా తాత్పర్యం

మూలం: “సార్, ఫైలింగ్ అయిపోయింది. మనకు రిఫండ్ వస్తుంది. ఫీజు ఫోన్‌పే చేయగలరు.”

అవతారిక: గడువు పొడిగించని ఏట, జూలై 31 రాత్రి పదకొండు దాటాక జీతగాడికి ఆడిటర్ గారు పంపే వాట్సాప్ వాక్యమిది. జీతపు రిటర్నుకు ఆడిట్ లేకపోయినా, వేసేవారు చార్టర్డ్ అకౌంటెంటు కాకపోయినా ‘ఆడిటర్’ అనడం రూఢి. అసలు చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ 1949లో పుట్టింది. దాని ముద్రలో గరుడుడితో పాటు కఠోపనిషత్తు మాట ఒకటుంటుంది. అందరూ నిద్రిస్తుండగా మేలుకొని ఉండేవాడని దాని భావం. ఏటా ఆ ఒక్క రాత్రి అది సార్థకం.

‘సార్’: స్పష్టము.

‘అయిపోయింది’: ‘పోవు’ అనుప్రయుక్తం పని ముగిసిందని చెబుతుంది. పన్నుశాఖ ఒప్పుకోదు. 30 రోజుల్లోగా ధ్రువీకరిస్తేనే రిటర్ను పంపిన తేదీ నిలుస్తుంది. అసలే ధ్రువీకరించకపోతే వేయనట్టే. అందుకు కావలసిన ఆధార్ ఓటీపీ సార్ ఫోనుకే వస్తుంది. సార్ నిద్రలో ఉంటాడు.

‘మనకు’: ఇది నిలిచి చూడదగ్గ పదం. సంస్కృతంలో ‘వయమ్’ ఒక్కటే; వినేవాడు అందులో ఉన్నాడో లేడో తేలదు. తెలుగు ఆ చిక్కు పెట్టలేదు. ‘మేము’ అంటే నువ్వు కాక, ‘మనము’ అంటే నువ్వు కూడా. తమిళానికీ ఈ వివేకం ఉంది. నేటి కన్నడం పోగొట్టుకుంది. పెళ్లిచూపుల్లో ‘మీ అమ్మాయి’ కాస్తా ‘మన అమ్మాయి’ అయిందంటే సంబంధం ఖాయమని వంటింట్లోకి కబురు వెళుతుంది. ‘మనకు షుగర్ ఉందండీ’ అంటారు డాక్టరు గారు. మాత్రలు మింగేది ఒక్కరే. ప్రకృతం పన్ను. రిఫండ్ వచ్చేదాకా ‘మనకు’. కట్టని ఇంటద్దె, ఇవ్వని విరాళం చూపించి తెచ్చిన రిఫండయితే అందులో వాటా పుచ్చుకునేవారూ ఉన్నారు. తీరా తాఖీదొస్తే ‘మీకు నోటీసు వచ్చింది సార్’ అని సర్వనామం మారుతుంది. తప్పుడు లెక్క చూపితే ఎగ్గొట్టిన పన్ను మీద 200 శాతం జరిమానా. అది రిటర్ను ఎవరి పేరున ఉందో వారికే. శాఖకు తెలిసింది ఏకవచనమే.

‘వస్తుంది’: వచ్చేది వరం కాదు, జీతంలోంచి ఎక్కువగా కోసిన సొంత డబ్బు. ఆ మాట చెప్పవలసినవాడు ఆడిటరే. ఫారం 16ను 26ఏఎస్‌తో, ఏఐఎస్‌తో సరిచూడాలి. ఎఫ్‌డీ వడ్డీ మరిచిపోతే గుర్తుచేయాలి. 2023–24 నుంచి కొత్త విధానం దానంతటదే వర్తిస్తుంది; 80సి కింద 1,50,000, ఇంటద్దె మినహాయింపు పాత విధానంలోనే. కనుక రెండు విధాలా లెక్కకట్టి చూపాలి. నడిమధ్యలో ఉద్యోగం మారినవాడికి రెండు ఫారం 16లు ఉంటాయి. కొత్త విధానంలో రెండింటిలోనూ 75,000 స్టాండర్డ్ డిడక్షన్ కనిపిస్తుంది, చెల్లేది ఒక్కసారే. ఆ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూసినందుకే కదా ఫీజు! లెక్క కాగితం పంపమంటే మాత్రం ‘అదంతా మేం చూసుకుంటాం సార్’ అని జవాబు. ఇక్కడ ‘మేం’ ప్రయోగం వ్యాకరణరీత్యా నిర్దుష్టం.

‘చేయగలరు’: శక్త్యర్థకం. శుభలేఖల్లో ప్రార్థన, ఇక్కడ కిందనే క్యూఆర్ కోడ్ ఉంది గనుక విధి.

తాత్పర్యము: ఫీజు పంపవలెను.