ఫిర్యాదుకు ఇద్దరు కావాలి

నన్నెవరూ అడగడం లేదని నా ఫిర్యాదు కాదు. అంత అదృష్టం నాకెక్కడిది! అడగడం మరీ ఎక్కువైపోయిందన్నదే నా బాధ. పింఛను పుచ్చుకుంటూ, పొద్దున పేపరు, సాయంత్రం నడక, మధ్యలో మేడ మీద ట్యాంకు నిండిందో లేదో చూసి మోటారు కట్టడం తప్ప మరో వ్యాపకం లేని గృహస్థుణ్ణి. ఇంట్లో ఏ కూర వండాలో నన్నెవరూ అడగరు. పెద్దపెద్ద అంతర్జాతీయ సంస్థలు మాత్రం నా అభిప్రాయం తెలియకపోతే ముద్ద దిగనట్టు ప్రవర్తిస్తున్నాయి.

పూర్వం ఈ బాధ లేదు. అప్పిచ్చే దొరలు ఢిల్లీలో దిగేవారు, ఆర్థికశాఖవారితో మాట్లాడేవారు, సంతకాలు చేసి విమానమెక్కేవారు. వడ్డీతో సహా తీర్చవలసిన మనకు ఆ సంగతి తీరిగ్గా తెలిసేది. తర్వాత కాలం మారింది. 2013లో ప్రపంచ బ్యాంకు అధ్యక్షుడు జిమ్ యాంగ్ కిమ్ ఒక మాటిచ్చాడు. లబ్ధిదారులు ఫలానావాళ్ళని గుర్తించగలిగిన ప్రతి ప్రాజెక్టులోనూ, నూటికి నూరు శాతం, వాళ్ళ అభిప్రాయం తీసుకుంటామని. మరుసటేడు దానికో విధానపత్రం కూడా రాశారు. ఆ గాలి మిగతా అప్పులిచ్చేవాళ్ళకూ సోకింది. అలా సోకిన ఒకానొక గాలి మా కాలనీ కల్యాణ మండపం దాకా వీచింది. మా మురుగుకాలవకు అప్పిచ్చినవారి పేరు ఇక్కడ రాయను. అప్పిచ్చినవాణ్ణి పదిమందిలో పేరు పెట్టి పిలవడం మా ఇంటావంటా లేదు.

మండపం ముందు ఫ్లెక్సీ కట్టారు. దాని మీద చాలామంది బొమ్మలున్నాయి, కాలవ బొమ్మ తప్ప. లోపల ఎవరో కన్సల్టెంటు కుర్రాడు ల్యాప్‌టాప్ పెట్టుకుని గోడ మీద స్లైడ్లు వేశాడు. అన్నీ ఇంగ్లీషులో. ముందు రిజిస్టరులో సంతకం, ఫోను నంబరు, వయసు, స్త్రీయా పురుషుడా. ఆ తర్వాత టీ, సమోసా. ఆ తర్వాత మన అమూల్యమైన అభిప్రాయం.

నేను లేచి ఒక్కటే అడిగాను. "బాబూ, కాలవ వాటం ఎటు?" తూర్పుకు పెడితే నీళ్ళు పోయి పెద్ద కాలవలో పడతాయి. పడమరకు పెడితే వచ్చి మా గేటు ముందు మకాం వేస్తాయి. ముప్పై ఏళ్ళుగా ఆ వీధిలో వానలు చూస్తున్నవాణ్ణి, ఆమాత్రం తెలుసు. కుర్రాడు ఎంతో మర్యాదగా, "చాలా మంచి పాయింటు సార్, నోట్ చేసుకున్నాం," అన్నాడు. ఎవరో ఫొటో తీశారు. బయటికొచ్చి చూద్దును గదా, వీధి మలుపులో సిమెంటు తూములు అప్పటికే దింపి ఉన్నాయి. వాటి నీడలో ఒక కుక్క సంసారం కూడా పెట్టేసింది. అంటే దింపి కొన్నాళ్ళయిందన్నమాట.

ముహూర్తం పెట్టుకుని, శుభలేఖలు అచ్చేయించి, వంటవాళ్ళకు బయానా ఇచ్చేశాక మేనమామ ఇంటికెళ్ళి "నువ్వేమంటావు అన్నయ్యా?" అని అడుగుతారు చూశారా, అచ్చంగా అదీ పద్ధతి. తెలివైన మేనమామ పంచెల చాపు పుచ్చుకుని శుభం అంటాడు. తెలివితక్కువవాడు పిల్లాడి ఉద్యోగం గురించి అడుగుతాడు. నేను రెండో రకం.

తరువాతి కథ క్లుప్తంగా మనవి చేస్తాను. వాటం పడమరకే పెట్టారు. మొదటి వానకే నీళ్ళు నిలిచాయి. ఫిర్యాదుల విభాగానికి ఫోను చేస్తే ఒక నంబరిచ్చారు. పంచె మోకాళ్ళ పైకి కట్టుకుని గేటు ముందు నీళ్ళలో నిలబడి ఉండగా మెసేజి వచ్చింది: "మీ ఫిర్యాదు పరిష్కరించబడినది." ఆ ప్రాజెక్టు నివేదికలో నా ఫొటో కూడా పడిందని పక్కింటివారబ్బాయి చూపించాడు. చెయ్యెత్తి నిలబడి ఉన్నాను. స్థానికులు ఉత్సాహంగా పాల్గొన్నారని కింద రాశారు.

ఇది మా ఒక్క వీధి గ్రహచారం అనుకుని ఊరుకుందును. కానీ రిటైరైనవాడికి కాలక్షేపం కావాలి కదా. పై అంతస్తుల్లో ఈ అడగడం ఎలా సాగుతోందో ఆరా తీశాను.

ఐక్యరాజ్యసమితి 2015లో సుస్థిర అభివృద్ధి లక్ష్యాలు ప్రకటించే ముందు లోకాన్నంతా ఒక ప్రశ్న అడిగింది. పదహారు కోరికల జాబితా ఇచ్చి, మీకు ముఖ్యమైనవి ఆరు ఎంచుకోండి అంది. 'మై వరల్డ్' అని దాని పేరు. దాదాపు 97 లక్షల మంది జవాబిచ్చారు. చాలామంది కాగితం మీదే టిక్కు పెట్టారు. మొదటి స్థానం మంచి చదువుకు దక్కింది. తర్వాత వైద్యం, ఉద్యోగాలు, నిజాయితీగా మాట వినే ప్రభుత్వం. వాతావరణ మార్పు మీద చర్య అన్నది అట్టడుగున, పదహారో స్థానంలో నిలిచింది. ఆ తర్వాత ప్రభుత్వాల ప్రతినిధులు కూర్చుని 17 లక్ష్యాలూ, వాటికింద 169 చిన్న లక్ష్యాలూ రాసుకున్నారు. జనం ఆఖరున పెట్టిన వాతావరణానికీ అందులో ఒక లక్ష్యం దక్కింది. అది అక్కర్లేదని నేననను, మొన్నటి ఎండలు చూశాక అసలే అనను. నా సందేహం వేరు. ఆరు కోరుకోమని అడిగి నూట అరవై తొమ్మిది ఇచ్చేవాణ్ణి దాత అనాలా, లేక మనం చెప్పింది వినకుండా తనకు తోచింది రాసుకున్నవాడనాలా?

నాలాంటి ఒంటి పక్షులు కాక, సంఘాలు పెట్టుకున్నవారి సంగతి మరో రకం. సమితి చార్టరులోని 71వ అధికరణం స్వచ్ఛంద సంస్థలతో సంప్రదించేందుకు దారి తెరిచింది. మొదట్లో 41 సంస్థలకు ఈ సంప్రదింపుల హోదా ఉండేది, ఇప్పుడు ఆరు వేలు దాటాయి. హోదా దక్కితే జెనీవాలో మానవ హక్కుల మండలి ముందు మాట్లాడవచ్చు. ఎంతసేపు? రెండు నిమిషాలు, ఒక్కోసారి ఒకటిన్నర. మా ఇంట్లో ఫోనెత్తి "ఆఁ, ఎవరూ?" అనడానికే అంత పడుతుంది.

పైగా ఆ హోదా ఇప్పించే కమిటీలో కూర్చునేది పంతొమ్మిది దేశాల ప్రభుత్వాలు. అంటే ఎవరి మీద మొర పెట్టుకోవాలో వారినే ముందు అనుమతి అడగాలి. కులవివక్ష మీద పనిచేసే అంతర్జాతీయ దళిత సంఘీభావ వేదిక 2007లో దరఖాస్తు పెట్టుకుంది. మన దేశ ప్రతినిధులు ప్రశ్న మీద ప్రశ్న వేశారు. జవాబు రాగానే ఇంకో ప్రశ్న. దరఖాస్తు అలా ఏటికేడు వాయిదా పడి, 2022 డిసెంబరులో ఆ కమిటీకి పైనున్న ఆర్థిక, సామాజిక మండలిలో ఓటింగు జరిగాక గానీ హోదా రాలేదు. పదిహేనేళ్ళు! అంటరానితనం గురించి మాట్లాడబోయినవారిని అన్నేళ్ళు గుమ్మం బయట నిలబెట్టారంటే, వారు చెప్పదలచుకున్నదానికి వేరే సాక్ష్యం అక్కర్లేదనిపిస్తుంది.

ఇక కంపెనీలు. వీరికి గుమ్మం దగ్గర నిలబడే అవసరం అంతగా ఉన్నట్టు కనబడదు. కోఫీ అన్నన్ 2000లో ప్రారంభించిన గ్లోబల్ కాంపాక్ట్‌లో చేరాలంటే కంపెనీ పెద్ద ఒక ఉత్తరం రాయాలి, పది సూత్రాలు పాటిస్తామని చెప్పాలి, ఏటా ప్రగతి నివేదిక పంపాలి. ఆ నివేదిక రాసేది ఎవరు? కంపెనీయే. నా పరీక్ష పేపరు నేనే దిద్దుకునే సదుపాయం నా చిన్నప్పుడు ఉంటే నేనూ కలెక్టరునయ్యేవాణ్ణి.

అలాగని కంపెనీల్ని దగ్గరికి రానీయడమే పాపమని అనడం లేదు. అదే ఏడు మొదలైన గావి సంస్థ పేద దేశాల పిల్లలకు టీకాలు వేయిస్తోంది. హైదరాబాదులో తయారైన టీకాలు ఆ దారినే ఎక్కడెక్కడికో వెళ్ళాయి. దాని బోర్డులో టీకా కంపెనీలకు కుర్చీలున్నాయి, గేట్స్ ఫౌండేషన్‌కు శాశ్వతంగా ఒకటుంది. పౌర సంఘాలన్నిటికీ కలిపి కూడా ఒకటుంది. లోకంలోని తల్లులందరి తరఫునా ఆ ఒక్క కుర్చీలో కూర్చున్నవారి నడుం ఎంత నొప్పిపెడుతుందో!

పొగాకు కంపెనీలనైతే ప్రపంచ ఆరోగ్య సంస్థ గడప తొక్కనివ్వదు. 2016లో చేసుకున్న నియమావళిలో వారితోనూ ఆయుధాల వ్యాపారులతోనూ పొత్తు లేదని రాసుకున్నారు. బాగుంది. కానీ అదే ఏడు నవంబరులో గ్రేటర్ నోయిడాలో పొగాకు నియంత్రణ ఒప్పందం మీద దేశాల సదస్సు జరిగితే కంపెనీతోబాటు రైతూ బయటే ఉండిపోయాడు. మా బంధువర్గంలో ప్రకాశం జిల్లా వాళ్ళున్నారు, బ్యారన్‌లో ఆకు కాల్చి వేలంలో ధర కోసం పడిగాపులు కాసేవాళ్ళు. రైతు సంఘాలు నిరసన చేస్తే వాటి వెనకాల కంపెనీలున్నాయన్నారు. ఉండవచ్చు కూడా. అయితే రైతు వెనకాల ఎవరున్నారో తెలుసుకున్న ఓపికతోనే రైతు ఇంకేం పంట వేసుకోవాలో అతన్నే కూర్చోబెట్టి అడిగితే పోయేదేముంది?

ఇంత సణిగాక న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. ఈ సంస్థలకు చెవులు అసలు లేకపోలేదు. కాకపోతే అవి వాళ్ళు పెట్టుకున్నవి కావు, జనం మొలిపించినవి. నర్మద మీది సర్దార్ సరోవర్ ఆనకట్టకు ప్రపంచ బ్యాంకు 1985లో 45 కోట్ల డాలర్ల అప్పుకు ఒప్పుకుంది. ముంపు గ్రామాలవారిని ఏ కల్యాణ మండపానికీ పిలిచి సమోసా పెట్టలేదు. మేధా పాట్కర్, ఆదివాసులు, రైతులు పిలవకుండానే వెళ్ళారు. నడిచారు, నీళ్ళలో నిలబడ్డారు, నిరాహారదీక్షలు చేశారు. చివరికి బ్యాంకే బ్రాడ్‌ఫర్డ్ మోర్స్ అధ్యక్షతన స్వతంత్ర సమీక్ష వేయించుకుంది. 1992లో వచ్చిన ఆ నివేదిక పునరావాసం, పర్యావరణం రెండింటిలోనూ బ్యాంకు తన నియమాలే పాటించలేదని తేల్చింది. 1993లో భారత్ మిగిలిన అప్పు వద్దనుకుంది. ఆ ఏడే బ్యాంకు తన మీద తానే ఫిర్యాదులు తీసుకునే ఇన్‌స్పెక్షన్ ప్యానెల్‌ను పెట్టింది. ఆనకట్ట ఆగలేదు, అది వేరే దుఃఖం. కానీ ఈవేళ ఏ దేశపు రైతు అయినా వాషింగ్టన్‌కు ఉత్తరం రాయగలుగుతున్నాడంటే ఆ తలుపు నర్మద ఒడ్డున కొట్టి తెరిచిందే.

తలుపు తెరుచుకున్నాక లోపల ఏం జరుగుతుందన్నది మా కృష్ణ ఒడ్డున చూశాం. అమరావతి కోసం 33 వేల ఎకరాలకు పైగా భూమి సమీకరించారు. ప్రపంచ బ్యాంకు 30 కోట్ల డాలర్లు, ఆసియా మౌలిక వసతుల బ్యాంకు 20 కోట్లు ఇస్తామన్నాయి. 2017లో కొందరు రైతులు ప్యానెల్‌కు ఫిర్యాదు రాశారు. ప్యానెల్‌వారు వచ్చారు, తిరిగారు, విన్నారు, విచారణ జరపాలని సిఫార్సు చేశారు. ఇంతలో ఇక్కడ ప్రభుత్వం మారింది. 2019 జూలైలో కేంద్రం అప్పు అభ్యర్థన వెనక్కి తీసుకుంది. అప్పే లేదు కనుక ఇక విచారణ దేనిమీద? రెండో బ్యాంకూ చాప చుట్టేసింది.

సరే, ఫిర్యాదు చేసినవారి మాట అలా ముగిసింది. ఇష్టపడి భూమి ఇచ్చి, రాజధాని వస్తుందని కూర్చున్నవారి మాటేమిటి? వచ్చేటప్పుడు సభలు పెట్టి అభిప్రాయాలు రాసుకున్నవారు వెళ్ళేటప్పుడు వాళ్ళను ఒక్క ముక్క అడిగారా? వెళ్ళిపోతున్నాం, మీరేమంటారు అని? లేదు. ఆ రైతులు 2021లో రాజధాని కదపవద్దంటూ తిరుపతి దాకా నడిచి వేంకటేశ్వరుడికి చెప్పుకున్నారు. ఆయన సన్నిధిలో క్యూ పెద్దదే గానీ రెండు నిమిషాల గడువని బోర్డు మాత్రం లేదు. మళ్ళీ ప్రభుత్వం మారింది. 2024 డిసెంబరులో ప్రపంచ బ్యాంకు ఈసారి 80 కోట్ల డాలర్లు మంజూరు చేసింది, ఆసియా అభివృద్ధి బ్యాంకు దాదాపు అంతే. మళ్ళీ సభలు, మళ్ళీ రిజిస్టర్లు, మళ్ళీ అభిప్రాయాలు. పాత అభిప్రాయాలు ఏ బీరువాలో ఉన్నాయో!

ఇదంతా చదివాక నాకూ ధైర్యం వచ్చింది. మా కాలవకు అప్పిచ్చిన సంస్థకూ ప్యానెల్ లాంటిదే ఒకటుందని తెలిసింది. నియమాలు చూస్తే ముచ్చటేసింది. లాయరు అక్కర్లేదు, ఫీజు లేదు, ఏ భాషలోనైనా రాయవచ్చు. అంటే నా తెలుగును దేశాలవతల ఎవరో కూర్చుని శ్రద్ధగా చదువుతారన్నమాట. ఇంట్లో మా మనవడు చదవడు. వాటం, తూములు, గేటు ముందు నీళ్ళు, కుక్క సంసారం, అన్నీ పేరాలు పేరాలుగా రాశాను. చివర చూస్తే ఒక మెలిక. ఒక్కరు ఫిర్యాదు చేయకూడదు. ఒకే రకంగా నష్టపోయినవారు కనీసం ఇద్దరుండాలి.

పక్కింటాయన గేటు ఎత్తు మీద ఉంది, ఆయనకు నష్టం లేదు. ఎదురింటివారు అమెరికాలో ఉన్నారు. ఇక మిగిలింది నా భార్యే. కాగితం పట్టుకెళ్ళి సంతకం పెట్టమన్నాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేరా నుంచీ తీరిగ్గా చదివింది.

"అన్నీ నిర్ణయించేసుకుని, సరుకు దించేశాక మమ్మల్ని అడిగారు, అని రాశారు."

"ఔను. అదే కదా అన్యాయం!"

"మేడ మీద గది వేసేటప్పుడు నన్నూ కోడల్నీ ఎప్పుడడిగారండీ? సిమెంటు బస్తాలు దిగాక. మెట్లు వంటింటి కిటికీకి అడ్డమొస్తాయని ఇద్దరం చెప్పాం. బాగుందోయ్, ఆలోచిద్దాం అన్నారు. ఇప్పుడు వంటింట్లో పట్టపగలు లైటు. దీనిమీద కాదు గానీ, ఆ మెట్ల మీద ఫిర్యాదైతే చెప్పండి. ఇద్దరం ఉన్నాం, ఇప్పుడే సంతకం పెడతాం."

సదరు మెట్లు సొంత డబ్బుతో కట్టినవనీ, అందులో విదేశీ అప్పు పైసా లేదనీ, కనుక ఆ విషయం ప్యానెల్ పరిధిలోకి రాదనీ ఆవిడకు లిఖితపూర్వకంగా తెలియజేశాను.