గచ్చు వద్దు బాబాయ్

కోనసీమలో ఇల్లు కట్టుకున్నవాడికి పెరట్లో రెండు వసతులు ఉచితం. ఒకటి కొబ్బరి చెట్ల నీడ, రెండోది ఏడాది పొడుగునా ఆరని చోటు. 1852లో ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పూర్తి చేశాక గోదావరి నీళ్ళు కాలువలెక్కి ఊరూరా తిరిగాయి. తిరిగి తిరిగి అలసిపోయి మా నూతి వెనకాల కూలబడ్డాయి. వేసవిలో కాలువలు కట్టేసినా అక్కడ చెప్పు దిగబడుతుంది. స్నానాల నీళ్ళూ, అంట్లు తోమిన నీళ్ళూ అటే పోతాయి కనుక ఆ కాస్త జాగాయే మా ఇంటి ఆయకట్టు.

పక్కింటి బాబాయికి మాత్రం అది కంట్లో నలుసు. "శుభ్రంగా గచ్చు చేయించెయ్యరాదుట్రా? రెండు బస్తాల సిమెంటు, ఒక పూట పని" అని గోడ మీంచి రోజూ చెబుతాడు. ఆయన పెరడంతా గచ్చే. దాని మీద వరసగా గులాబీ కుండీలు, కుండీ కిందో ప్లాస్టిక్ పళ్ళెం. మట్టి కనబడే ఇల్లు మర్యాదస్తుల ఇల్లు కాదని ఆయన నమ్మకం.

నా సిద్ధాంతం వేరు. నేల మెచ్చిన మొక్క వేసినవాడు అరుగు మీద కూచుంటాడు. తనకు నచ్చిన మొక్క వేసినవాడు బాల్చీ పట్టుకుని తిరుగుతాడు. దీన్ని బద్ధకమని మా ఇంట్లోవాళ్ళు అంటారు గానీ, వృక్షశాస్త్రం నా పక్షమే. ఎప్పుడూ తడిగా ఉండే మట్టిలో గాలి ఆడదు, గాలి లేకపోతే వేళ్ళకు ఊపిరి లేదు. గులాబీ అక్కడ వేరు కుళ్ళి చస్తుంది. తామర అలా కాదు. తూడు నిండా గొట్టాలు పెట్టుకుని, పైన ఆకు పీల్చిన గాలిని అడుగున బురదలో ఉన్న దుంప దాకా పంపిస్తుంది. ఇంత సొంత ఏర్పాటు ఉన్న మొక్కను వదిలేసి, నీళ్ళెక్కువైతే ఒక జబ్బు, తక్కువైతే ఇంకో జబ్బు చేసే గులాబీకి సేవ చెయ్యడం నా వల్ల కాదు.

పోనీ దేశభక్తితో రాష్ట్ర పుష్పం వేద్దామా అంటే అదీ కుదరదు. ఆంధ్రప్రదేశ్ 2018లో మల్లెను ఎంచుకుంది. మల్లె సంగతి తెలిసిందే కదా, పస్తు పెడితేనే నవ్వుతుంది. రైతులు చలికాలం మొదట్లో నీళ్ళు ఆపి, కొమ్మలు కత్తిరించి, నానా హింసా పెడితేనే వేసవికి విరగబూస్తుంది. తెలంగాణవారి తంగేడుకు మెట్ట నేల కావాలి. ఉమ్మడి రాష్ట్రం నాటి కలువ మాత్రం మా తొట్టెలో హాయిగా ఉంది. విభజన చట్టం ఇంకా మా నూతి వెనక్కి రాలేదు.

"అయితే మన పూలే వెయ్యి. బంతి లేదా, చంద్రకాంత లేదా?" అన్నాడు బాబాయి. బంతిది మెక్సికో, చంద్రకాంతది అమెరికా ఖండం, ఆయన గోడెక్కిన కాగితప్పూలు బ్రెజిల్ వైపువి, గుమ్మంలో బిళ్ళగన్నేరుది మడగాస్కర్. పండక్కొచ్చి ఉండిపోయిన అల్లుళ్ళలాగా అన్నీ ఇక్కడే స్థిరపడ్డాయి. గొబ్బెమ్మల మీద కూర్చున్న బంతిపూవును లేచి పొమ్మనేవాడు ఎవడూ లేడు. కానీ ఇంట్లో పుట్టినవాళ్ళకు కూడా ఓ పీట వెయ్యాలి కదా!

ఆ పీటలు మా తడి జాగాలో ఉన్నాయి. కాస్త మెరకలో నందివర్ధనం పూజకు చాలినన్ని పూలిస్తుంది. దాని కింద వెన్నదేవి. వ్యవసాయ శాఖ లెక్కలో ఇది కలుపు, నా లెక్కలో నీలం పూల మొక్క. పొద్దున్నే విచ్చుకుని మధ్యాహ్నానికల్లా దుకాణం కట్టేస్తుంది. పైన పూసే పూలు చాలవన్నట్టు మట్టి లోపల కూడా పూసి, అక్కడే గింజ కడుతుంది. చీకట్లో, తేనెటీగ ముఖం చూడకుండా సంసారం చేసుకునే మొక్కను పీకి గెలిచినవాడు లేడు. హైదరాబాదు నుంచి వచ్చిన మా మేనకోడలు దాన్ని ఫోటో తీసుకుని "ఎంతకు కొన్నావు మావయ్యా?" అంది. ఊరికే మొలిచిందని చెప్పగానే ఫోను జేబులో పెట్టేసింది. పెరటి చెట్టు మందుకే కాదు, ఫోటోకు కూడా పనికిరాదు.

ఇంకాస్త పల్లంలో నీరుగొబ్బి. కణుపు కణుపుకూ ముళ్ళు, ఆ ముళ్ళ మధ్య ఊదారంగు పూలు. మేక మూతి పెట్టదు కనుక కంచె ఖర్చు లేదు. రెక్కల మీద కళ్ళ బొమ్మలున్న నారింజరంగు సీతాకోకచిలుక వచ్చి గుడ్లు పెడుతుంది, దాని పురుగులు ఆకులు తింటాయి. "పురుగు పట్టింది, మందు కొట్టరా" అంటాడు బాబాయి. సీతాకోకచిలుకలు మాత్రం కావాలట, వాటికి బాల్యం ఉండకూడదట.

పక్కనే వస. పసిపిల్లలకు మాటలు రావడానికి దీని కొమ్మే అరగదీసి నాలుకకు రాస్తారు. బాబాయికి చిన్నప్పుడు మోతాదు మించిందని మా అమ్మ అనుమానం. దాన్ని ఆనుకుని నేలంతా సరస్వతి ఆకు, ఆకుల చాటున వెతికితే తప్ప కనబడనంత చిన్న పూలు. జ్ఞాపకశక్తికి మంచిదని బాబాయి రోజూ గుప్పెడు కోసుకెళ్ళి పచ్చడి చేయించుకుంటున్నాడు. గుణం కనిపిస్తోంది. గచ్చు సంగతి ఒక్క రోజు కూడా మరిచిపోవడం లేదు.

మొగలి ఒక్కటే నోచుకోలేదు. అబద్ధపు సాక్ష్యం చెప్పి శివుడి చేత వెలివేయించుకున్న పువ్వంది అమ్మ. పొదలో పాములుంటాయన్నాడు బాబాయి. పరిమళం మగ చెట్టు పువ్వుకే, పూసేదాకా ఆడో మగో చెప్పలేమన్నాను నేను, నోరు జారి. వీధి వీధంతా ఏకగ్రీవంగా దాన్ని కాలువ గట్టుకే వదిలేసింది.

చివరికి బాబాయి బ్రహ్మాస్త్రం తీశాడు. "దోమలు! డెంగీ వస్తే ఎవడిది పూచీ?"

దోమపిల్లలు పెరిగేది తడి మట్టిలో కాదు, నిలవ నీళ్ళలో. అందులోనూ డెంగీ దోమకు శుభ్రమైన నీళ్ళు, చిన్న పాత్రలు కావాలి. మా కలువ తొట్టెలో గంబూసియా చేపలున్నాయి, దోమపిల్లల్ని మింగేస్తాయి. వాటి పుట్టిల్లూ అమెరికాయే అనుకోండి, ఒళ్ళు వంచి పనిచేసేవాడి పౌరసత్వం నేనడగను. ఆశా కార్యకర్త వచ్చి రెండు పెరళ్ళూ చూసి, తిన్నగా వెళ్ళి బాబాయి గులాబీ కుండీల కింది పళ్ళేలన్నీ ఒంపించింది. లోపల తోకపురుగులు ఈతలు కొడుతున్నాయి.

ఆ తర్వాత వారం రోజులు గోడ అవతల నుంచి మాట లేదు. మళ్ళీ మొదలైంది.

నేనిప్పుడు ఆయనతో వాదించడం మానేశాను. వాన పడితే ఆయన గచ్చు మీద బొట్టు ఇంకదు. అంతా జారుకుంటూ గోడ కింది తూములోంచి మా జాగాలోకే వస్తుంది. నా వెన్నదేవికీ నీరుగొబ్బికీ పైసా ఖర్చు లేకుండా నీళ్ళు పెడుతున్నది ఆయనే. మొన్న ఆయన గచ్చు ఓ మూల పగిలి, నీళ్ళు లోపలికి ఇంకుతున్నట్టు కనిపించింది. వెంటనే గోడ దగ్గరికెళ్ళి హెచ్చరించాను:

"బాబాయ్, అశ్రద్ధ చెయ్యకు. రెండు బస్తాల సిమెంటు, ఒక పూట పని."